తిరగబడిన ఫలకం: పాత పురావస్తు ఫోటోల సేకరణను కేటలాగు చేసిన అనుభవం

ఇనుప బీరువా అడుగు అర తీయగానే గుప్పున వెనిగర్ వాసన వచ్చింది. ఫోటో ఆర్కైవుల్లో పనిచేసేవాళ్లకు ఆ వాసన ఒక్కటి చాలు, లోపల ఎసిటేట్ ఫిల్ము పాడవుతోందని తెలిసిపోతుంది. ఇంకా జాబితా రాయలేదు, ఏ పెట్టెలో ఏముందో చూడలేదు, అప్పుడే టెన్షన్ మొదలైంది.

ఆ సేకరణ ఒక కళాచరిత్ర అధ్యాపకుడు పాఠాలు చెప్పడం కోసం జీవితమంతా కూడబెట్టుకున్నది. ఆయన పోయాక చాలా ఏళ్లు ఒక స్టోర్ గదిలో పడి ఉండి, చివరికి మేం పనిచేసే ఆర్కైవుకు చేరింది. సుమారు 1,100 గాజు నెగటివ్‌లు, 600 లాంతర్ స్లైడ్లు (తెర మీద వేసి చూపించే గాజు బొమ్మలు), అట్టకు అంటించిన 900 ప్రింట్లు, 300 దాకా ఫిల్ము నెగటివ్‌లు. ఈజిప్టు గుళ్లు, ఏథెన్స్ అక్రోపోలిస్, సిరియాలోని పల్మైరా, సాంచీ, అమరావతి, ఇటలీ చర్చిల శిల్పాలు. తరగతి గదిలోంచి కదలకుండానే విద్యార్థులకు ప్రపంచాన్నంతా చూపించాలనుకున్న మనిషి ఏమేం పోగుచేస్తాడో అవన్నీ ఉన్నాయి. ముగ్గురం కలిసి రెండేళ్లకు పైగా దీని మీద పనిచేశాం. ఏం చేశాం, ఎక్కడ తప్పు చేశాం, ఏ నిర్ణయం చివరికి పనికొచ్చింది అన్నది రాస్తున్నాను. రేపు ఇలాంటి పెట్టెలు ఇంకెవరి చేతికైనా రావచ్చు.

ముందు చూడాలి, తర్వాతే రాయాలి

మొదటి నెల ఒక్క ఫోటో కూడా కేటలాగు చేయలేదు. ఎప్పుడు ఆన్‌లైన్‌లో పెడతారని పైనుంచి అడుగుతూనే ఉన్నారు. అయినా ఆ నెలంతా సర్వేకే వాడుకున్నాం. ప్రతి పెట్టె తెరిచి, అందులో ఏ రకం ఫోటోలున్నాయి, ఏ సైజు, ఎంత పాడయ్యాయి, పక్కవాటికి వాటివల్ల ప్రమాదం ఉందా అన్న నాలుగు ప్రశ్నలకే జవాబులు రాసుకున్నాం. బొమ్మలో ఏముందన్నది కావాలనే పట్టించుకోలేదు. బొమ్మ చూడటం మొదలుపెడితే అందులో పడిపోతాం, పెట్టె కదలదు.

సర్వేలో అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఫిల్ము సంగతి. 1889 నుంచి వచ్చిన నైట్రేట్ ఫిల్ము అంటుకుంటే ఆర్పడం దాదాపు అసాధ్యం. మండటానికి కావాల్సిన ఆక్సిజన్ దానిలోంచే పుడుతుంది, నీళ్లలో ముంచినా మండుతుంది. దానికి బదులుగా వచ్చిన ఎసిటేట్‌కు 'సేఫ్టీ' ఫిల్మని పేరు పెట్టారు. మంటల విషయంలో అది నిజమే. కానీ వయసు మీద పడ్డాక ఎసిటేట్ ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, ఆ ఆమ్లమే మళ్లీ పాడవడాన్ని వేగం చేస్తుంది. అడుగు పొర కుంచించుకుపోతుంది, పైనున్న ఎమల్షన్ (బొమ్మ నిలిచే పూత) దానితోపాటు కుంచించుకోలేక ముడతలు పడుతుంది. ఆవిరి పక్కనున్న మంచి ఫిల్ముకు కూడా తగులుతుంది. అడుగు అరలో జరుగుతున్నది ఇదే.

ఏది ఏదో చెప్పడానికి అంచుల మీద 'నైట్రేట్' అనో 'సేఫ్టీ' అనో అచ్చయి ఉందేమో చూశాం. కోడాక్ షీట్ ఫిల్ముల్లో అంచున కత్తిరించిన గాట్లు కూడా సాయం చేస్తాయి: మొదటి గాటు ఇంగ్లిషు 'వి' ఆకారంలో ఉంటే నైట్రేట్, 'యు' ఆకారంలో ఉంటే ఎసిటేట్. ఎసిటేట్ పెట్టెల్లో ఆమ్లం ఎంత ఉందో తెలుసుకోవడానికి ఎ-డి స్ట్రిప్‌లు పెట్టాం. ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన చిన్న నీలం కాగితం ముక్కలవి. ఆమ్లం పెరిగేకొద్దీ ఆకుపచ్చకు, తర్వాత పసుపుకు మారతాయి. మర్నాడు చూస్తే అడుగు అరలోవి పసుపుపచ్చగా ఉన్నాయి. ఆ వారంలోనే ఎసిటేట్‌ని గాలి చొరని కవర్లలో పెట్టి ఫ్రీజరుకు, నైట్రేట్‌ని దాని కోసం ప్రత్యేకంగా కట్టిన స్టోరేజీకి పంపించాం. రసాయన చర్యను వెనక్కి తిప్పలేం. చల్లదనం దాన్ని బాగా నెమ్మదింపజేస్తుంది, అంతే. స్కానింగుకు మాత్రం వీటికే మొదటి వరుస ఇచ్చాం.

గాజు ప్లేట్లది వేరే కష్టం. ఎవరో వాటిని ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి, మధ్యలో న్యూస్‌పేపర్ పెట్టి పేర్చారు. బరువంతా పడి అడుగువి పగిలాయి. న్యూస్‌పేపర్లోని ఆమ్లం ఎమల్షన్‌ని పట్టుకుంది, కొన్నిచోట్ల అక్షరాలు ప్లేటు మీదికి దిగాయి. కట్టలు కట్టిన రబ్బరు బ్యాండ్లలోని గంధకం వెండిని నల్లబరిచింది. ప్లేట్లను ఒక్కొక్కటిగా నాలుగు రెక్కల కాగితపు కవరులో పెట్టి, పొడవు అంచు మీద నిలబెట్టి పెట్టెల్లో సర్దాం. ప్లేటుని జారించి లోపలికి తోయాల్సిన కవరైతే ఎమల్షన్ గీరుకుపోతుంది. రెక్కల కవరులో ప్లేటు మీదికి కాగితమే వచ్చి మూసుకుంటుంది. కాగితం మాత్రం ఐఎస్ఓ 18916 ప్రకారం జరిపే ఫోటోగ్రాఫిక్ యాక్టివిటీ పరీక్ష నెగ్గినదే వాడాం. 'యాసిడ్ ఫ్రీ' అని లేబుల్ ఉన్నంత మాత్రాన వెండికి హాని చేయదని నమ్మడానికి లేదు. పెట్టె నిండా ప్లేట్లు పెట్టలేదు, గాజు బరువుకు మనిషి ఎత్తలేడు. పగిలినవాటిని నిలబెట్టకుండా, ముక్కకీ ముక్కకీ తగలకుండా అట్టలో గుంటలు కత్తిరించి పడుకోబెట్టాం.

ఎర్రటి దూది

గాజు ప్లేటుని చేతిలోకి తీసుకుని లైటు ముందు పెట్టి చూడటం ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. రెండు రకాలు కనిపిస్తాయి. ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ 1851లో ప్రకటించిన తడి కొలోడియన్ పద్ధతిలో ప్లేటుకి పూత పూసి, అది ఆరేలోపే ఫోటో తీసి డెవలప్ చేయాలి. అందుకే ఆ కాలపు ఫోటోగ్రాఫర్లు శిథిలాల పక్కనే గుడారం వేసుకుని దాన్ని చీకటి గదిగా వాడేవారు. చేత్తో కోసిన గాజు అంచులు, మీగడ రంగు, సమంగా పరుచుకోని పూత, వీటిని బట్టి ఆ ప్లేట్లను పోల్చుకోవచ్చు. ఒక మూల పూత లేకుండా ఖాళీగా ఉంటుంది. పూత పోస్తున్నప్పుడు ఫోటోగ్రాఫర్ ప్లేటుని పట్టుకున్న చోటు అది. కొన్నిటి మీద బొటనవేలి గుర్తు కూడా మిగిలింది. ఎడారిలో ఎక్కడో ఒక గుడి ముందు నూటయాభై ఏళ్ల కిందట నిలబడిన మనిషి వేలిముద్ర నా చేతిలో ఉందన్నమాట. 1871లో రిచర్డ్ లీచ్ మాడక్స్ సూచించిన జెలటిన్ పొడి ప్లేట్లు తర్వాతివి. అవి ఫ్యాక్టరీ సరుకు, సమంగా ఉంటాయి. వయసు మీద పడ్డాక అంచుల్లో వెండి పైకి తేలి అద్దంలా మెరుస్తుంది.

శుభ్రం చేయడంలో తప్పు జరిగింది నా చేతిలోనే. మా పద్ధతి ఇది: ఎమల్షన్ వైపు మెత్తటి బ్రష్, గాలి బుడ్డి తప్ప ఇంకేమీ తగలకూడదు, గాజు వైపు మాత్రం కాస్త తడిపిన దూదితో తుడవచ్చు. కొలోడియన్ ప్లేట్ల దగ్గరికి ఆల్కహాల్ అసలు రానివ్వం, పూత కరిగిపోతుంది. ఆ రోజు జెలటిన్ ప్లేటు ఒకటి తీశాను. తల లేని రాతి విగ్రహం. గాజు వైపు అంచుల్లో గోధుమరంగు మరక మందంగా పేరుకుని ఉంది. ఏళ్ల నాటి మురికి అనుకుని రెండుసార్లు తుడిచాను. దూది ఎర్రగా వచ్చింది.

మురికి అంత ఎర్రగా ఉండదు. ఆపేసి ప్లేటుని లైటు బల్ల మీద పెట్టి చూస్తే అప్పుడు అర్థమైంది. ఆ ఎరుపు విగ్రహం చుట్టూ, భుజం వంపు దగ్గర సన్నగా, నడుము దగ్గర జాగ్రత్తగా మలుపు తిరుగుతూ, ఒక మనిషి కుంచెతో వేసిన రంగు. నెగటివ్‌లో వెనక ఉన్న గోడ, తాళ్లు, స్టాండు అన్నీ కనబడకుండా కాంతిని ఆపే రంగుతో మూసేశారు. అలాంటి నెగటివ్ నుంచి ప్రింటు తీస్తే ఆ భాగమంతా తెల్లగా వస్తుంది, విగ్రహం శూన్యంలో తేలుతున్నట్టు కనిపిస్తుంది. మా అట్టల్లోనే ఆ ప్రింటు దొరికింది కూడా. తెల్లటి నేపథ్యంలో ఒంటరిగా, ఎంతో అందంగా ఉంది.

నేను తుడిచింది వేలిగోరంత మేర. అక్కడ ఇప్పుడు గోడ కనిపిస్తుంది. పోయిన రంగు తిరిగి రాదు. ఆ ప్లేటు రికార్డులో 'పరిరక్షణ చరిత్ర' అన్న చోట ఆ తేదీ, చేసిన పని, జరిగిన నష్టం అన్నీ రాశాను. రేపు ఎవరైనా ఆ మూలని చూసి ఫోటోగ్రాఫరు వదిలేశాడనుకోకూడదు కదా.

ఆ రోజు నుంచి రెండు నియమాలు పెట్టుకున్నాం. ఏ ప్లేటునైనా తడితో ముట్టుకునే ముందు ఇద్దరు చూసి ఒప్పుకోవాలి. డిజిటైజ్ చేసేటప్పుడు ప్లేటుకి కింద నుంచి కాంతి వేసి ఒక ఫోటో, పైనుంచి కాంతి వేసి రెండు వైపులా చెరొక ఫోటో తీయాలి. కింద నుంచి కాంతి వేస్తే బొమ్మ కనిపిస్తుంది, పైనుంచి వేస్తే రంగు, గీతలు, అంచుల మీద పెన్నుతో రాసిన నంబర్లు కనిపిస్తాయి. పని మూడింతలైంది. కానీ శిల్పాలను వాటి పరిసరాల నుంచి వేరుచేసి చూడటం మనకి ఎలా అలవాటైందో చెప్పే సాక్ష్యం ఆ ఎర్రరంగే. బొమ్మ ఒక్కటే దాచి దీన్ని పోగొడితే సగమే దాచినట్టు.

దేన్ని వర్ణిస్తున్నాం?

సేకరణతోపాటు ఒక పాత రిజిస్టరు వచ్చింది. నంబరు, ఊరు, వస్తువు: 'పార్థెనాన్', 'పల్మైరా, గుడి', 'అమరావతి, ఫలకం'. దాన్నే కంప్యూటర్లోకి ఎక్కిస్తే సరిపోతుందని మొదట అనుకున్నాం. ఇరవై రికార్డులు ఎక్కించగానే ఇరుక్కుపోయాం. 'సృష్టికర్త' అన్న గడిలో ఏథెన్స్‌లోని పార్థెనాన్ గుడి కట్టిన ఇక్టినోస్ పేరు రాయాలా, ఫోటో తీసినవాడి పేరు రాయాలా? 'తేదీ'లో క్రీస్తుపూర్వం 447 రాయాలా, 1870లు రాయాలా? 'కొలత' గుడిదా, అట్టదా? ముగ్గురం మూడు రకాలుగా నింపేశాం.

కళ, పురావస్తు ఫోటోలకు ఉన్న చిక్కే ఇది. ఫోటో తనంతట తాను ఒక వస్తువు, ఇంకో వస్తువుకి బొమ్మ కూడా. విఆర్‌ఎ కోర్ లాంటి ప్రమాణాలు కళాకృతికి ఒక రికార్డు, దాని బొమ్మకు వేరే రికార్డు పెట్టమంటాయి. మాకు ఆ రెండు కూడా చాలలేదు, మూడు పొరలు పెట్టుకున్నాం. మొదటిది కట్టడం లేదా శిల్పం. రెండోది షాట్, అంటే ఎవరో ఒకరు ఒక రోజు ఒక చోట నిలబడి తీసిన ఆ ఒక్క ఫోటో. మూడోది మా చేతిలో ఉన్న వస్తువు: ప్లేటు, ప్రింటు, స్లైడు. ఒక శిల్పానికి ఎన్నో షాట్లు ఉండవచ్చు, ఒక షాట్‌కి ఎన్నో వస్తువులు. ఒక్కో పొరకి దాని తేదీ, దాని కర్త, దాని కొలత. పదాలకు గెట్టీ సంస్థ కళ, వాస్తు పదకోశాన్ని, ఊళ్లకు వాళ్ల స్థలనామ కోశాన్నే వాడాం. ఒకే ఊరు నాలుగు స్పెల్లింగులతో నాలుగు ఊళ్లయిపోయే బాధ దాంతో తప్పింది.

ఇదంతా కాగితం మీద బాగానే ఉంది కానీ పని పెరగడమే తప్ప లాభం లేదని మాలో ఒకరు విసుక్కునేవారు. అమరావతి ఫలకం దగ్గరికొచ్చాక ఆ విసుగు పోయింది.

అమరావతి శిల్పాల కథ తెలిసిందే. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన ఫలకాలు మద్రాసు చేరి చాలాకాలం ఎండకీ వానకీ ఆరుబయటే పడి ఉన్నాయి. 1858లో ఫోటోగ్రాఫరు లీనియస్ ట్రైప్ వాటిని ఫోటోలు తీశాడు. ఆ తర్వాతే అవి ఓడెక్కి లండన్ వెళ్లాయి. ప్రయాణానికి ముందు ఏ ఫలకం ఏ స్థితిలో ఉందో చెప్పే సాక్ష్యం కాబట్టి ఆ పాత ఫోటోలకు అంత విలువ. మా సేకరణలో అమరావతివి కొద్దిగానే ఉన్నాయి, ట్రైప్ తీసినవి కావు. రిజిస్టరులో వాటిలో రెండు 'జత ఫలకాలు' అని వరుసగా ఉన్నాయి. ఒకటి అల్బుమెన్ ప్రింటు (గుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద తీసినది), రెండోది తర్వాతి కాలపు జెలటిన్ సిల్వర్ ప్రింటు. ఒక తోరణానికి అటొకటి ఇటొకటి ఉన్నట్టు రెండూ ఎదురెదురుగా తిరిగి ఉన్న దృశ్యాలు. రెండో దాని అట్ట మీద అధ్యాపకుడు పెన్సిలుతో 'శాసనం చదవలేకపోయాను' అని రాసుకున్నారు.

రెండోదాన్ని వర్ణిస్తూ 'బుద్ధుడు నిలబడి ఎడమ చేయి ఎత్తి' అని టైపు చేసి ఆగిపోయాను. అభయముద్ర కుడి చేత్తో కదా. భూతద్దం పెట్టి అడుగున ఉన్న శాసనం చూశాను. బ్రాహ్మీలో 'క' కూడిక గుర్తులా ఉంటుంది, ఎటు తిప్పినా ఒకేలా కనిపిస్తుంది, దానితో ఏమీ తేలదు. 'ప' అలా కాదు. ఎడమన పొడవాటి నిలువు గీత, దాని అడుగు నుంచి కుడికి వంగి పైకి లేచే కొక్కెం. ఇక్కడ ఆ కొక్కెం ఎడమకి తిరిగి ఉంది. ఫోటోని స్క్రీన్ మీద అద్దంలోలా తిప్పి అల్బుమెన్ ప్రింటు పక్కన పెట్టాను. పెచ్చు ఊడిన మూల, పగులు, శాసనం అన్నీ ఒకటే. అవి జత ఫలకాలు కావు, ఒకటే ఫలకం.

మరి తిరగబడింది ఎక్కడ? ఫ్రీజరులో పెట్టిన ఫిల్ము నెగటివ్‌ల స్కాన్లు వెతికితే ఆ కాపీ నెగటివ్ దొరికింది. పాత అల్బుమెన్ ప్రింటుని ఎవరో మళ్లీ ఫోటో తీశారు, నెగటివ్ సరిగ్గానే ఉంది. ప్రింటు తీసేటప్పుడు ఫిల్ముని బోర్లా పెట్టారు. గాజు మందంగా ఉంటుంది కాబట్టి ప్లేటుని బోర్లా పెడితే బొమ్మ మసకబారి తప్పు బయటపడుతుంది. ఫిల్ము పల్చన, ఎటు పెట్టినా బొమ్మ స్పష్టంగానే వస్తుంది. ఒక లాంతర్ స్లైడు కూడా దొరికింది. స్లైడు మీద ఎడమ కింది మూల ఒక చిన్న గుండ్రటి కాగితం అంటిస్తారు, ఏ వైపు నుంచి చూడాలో చెప్పే గుర్తు. దాని ప్రకారం చూస్తే స్లైడు సరైనదే.

రిజిస్టరులో నాలుగు చోట్ల విడివిడిగా ఉన్న నాలుగు వస్తువులు ఇప్పుడు ఒకే ఫలకం కిందకి చేరాయి. 'తిరగబడింది' అన్న మాట ఎక్కడ రాయాలన్న దానికి జవాబు మూడు పొరల్లోనే ఉంది. అది శిల్పానికి అంటదు, షాట్‌కి అంటదు, నెగటివ్‌కీ అంటదు, ఆ ఒక్క ప్రింటుకే అంటుతుంది. ప్రింటుని స్కాన్‌లో సరిచేయలేదు, ఉన్నది ఉన్నట్టే ఉంచి నోట్ పెట్టాం. ఆ ప్రింటు చూసి ఇన్నేళ్లూ పాఠం చెప్పి ఉంటే, తిరగబడిన బొమ్మ కూడా ఆ పాఠం చరిత్రలో భాగమే.

ఫోటోలో గడియారాలు

చాలా ప్రింట్ల మీద తేదీ లేదు. ఫోటోగ్రాఫరు పేరు ఉన్నా అన్నిసార్లూ నమ్మలేం. అప్పటి స్టూడియోలు నెగటివ్‌లు కొనేవి, అమ్మేవి. 1862లో రోజర్ ఫెంటన్ ఫోటోగ్రఫీ మానేశాక ఆయన నెగటివ్‌లు కొన్ని ఫ్రాన్సిస్ ఫ్రిత్ చేతికి వెళ్లాయి. అందుకే ప్రింటు మీద ఉన్న పేరుని 'ప్రచురణకర్త' గడిలో రాసి, ఫోటోగ్రాఫరు గడిని రుజువు దొరికేదాకా ఖాళీగా ఉంచాం.

తేదీ కోసం ఫోటోలోని కట్టడాలనే అడిగాం. అక్రోపోలిస్ ద్వారం పక్కన ఎత్తైన చదరపు బురుజు కనిపిస్తే ఆ ఫోటో 1870ల మధ్యకి ముందుది, ఆ మధ్యయుగపు బురుజుని అప్పుడు కూల్చేశారు. సాంచీలో దక్షిణ తోరణం నేల మీద పడి ఉంటే 1880ల మొదట్లో దాన్ని నిలబెట్టకముందుది. స్ఫింక్స్ మెడ దాకా ఇసుకలో ఉంటే పాతది, ముంగాళ్లతో సహా ఒళ్లంతా బయటపడి ఉంటే 1925లో మొదలైన పెద్ద తవ్వకాల తర్వాతిది కావచ్చు. వెనిస్‌లో సెయింట్ మార్క్ గంటస్తంభం లేకపోతే ఇంకా సులువు: 1902 జూలైలో అది కూలింది, 1912లో మళ్లీ కట్టారు, ఫోటో ఆ పదేళ్లలోదే. ఈ గుర్తులన్నీ ఒక షీట్‌లో రాసుకుంటూ పోయాం. పని ముగిసేసరికి మా దగ్గర అన్నిటికంటే ఎక్కువసార్లు తెరిచిన ఫైలు అదే అయింది. తేదీని ఎప్పుడూ ఒక ఏడాదిగా రాయలేదు, 'ఇంతకుముందు', 'ఇంత తర్వాత' అని హద్దులుగా రాసి, ఏ గుర్తుని బట్టి చెప్పామో పక్కనే పెట్టాం. కారణం రాయని తేదీని తర్వాతి తరం సరిచేయలేదు.

పల్మైరా పెట్టె తెరిచినప్పుడు మాత్రం ముగ్గురం కాసేపు మాట్లాడలేదు. బెల్ దేవాలయం నిండుగా ఉంది. 2015 ఆగస్టులో దాన్ని పేల్చేశారు. గుడి ఉన్నంతకాలం ఆ ఫోటో ఎన్నో ఫోటోల్లో ఒకటి. ఇప్పుడు స్తంభం మీది చెక్కడం ఏ కోణంలో ఉండేదో అడగాలంటే మిగిలిన చోట్లలో అది ఒకటి. ఆ పెట్టెను ఇంకాస్త ఎక్కువ రిజల్యూషన్‌తో స్కాన్ చేశాం.

వరుస మార్చకుండా

స్లైడ్లను దేశాలవారీగా సర్దేద్దామని ఒక దశలో గట్టిగా అనుకున్నాం. వెతకడానికి సులువని వాదించింది నేనే. సర్దడానికి ముందు ఉన్న వరుసని ఫోటోలు తీసి పెట్టుకుందామని సహోద్యోగి పట్టుబట్టడం మంచిదైంది. ఆ ఫోటోలు పెద్దవి చేసి చూస్తే స్లైడ్ల అంచుల మీద సన్నటి అక్షరాలు: 12 ఎడమ, 12 కుడి, 13 ఎడమ, 13 కుడి. రెండు ప్రొజెక్టర్లతో రెండు బొమ్మలు పక్కపక్కన చూపించి పోల్చే పద్ధతి కళాచరిత్ర తరగతుల్లో చాలాకాలం నడిచింది. గ్రీకు విగ్రహం పక్కన గాంధార బుద్ధుడు, రోమన్ శవపేటిక పక్కన అమరావతి ఫలకం. ఆయన రాసుకున్న నోట్సు ఏమీ దొరకలేదు, ఈ వరుసే ఆయన పాఠం. దేశాలవారీగా సర్ది ఉంటే ఆ పాఠాన్ని మా చేతులతోనే చెరిపేసేవాళ్లం. అరలో ఆయన వరుసే ఉంచాం. దేశం, కాలం, శైలి అన్నవి డేటాబేస్ చూసుకుంటుంది, దానికి వస్తువుని కదపక్కర్లేదు.

అట్టల మీది పాత శీర్షికలదీ ఇదే సంగతి. కొన్ని తప్పు, కొన్ని ఇప్పుడు చదివితే బాధ కలిగించేవి. అక్షరం మార్చకుండా 'అట్ట మీది రాత' అన్న గడిలో ఎక్కించి, మేం పెట్టిన శీర్షికని వేరే గడిలో ఉంచాం. ఏది ఎవరి మాటో తెలియాలి.

డిజిటైజేషన్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. 16 బిట్ టిఫ్ మాస్టర్ ఫైలు, చూపించడానికి చిన్న జెపెగ్, ప్రతి ఫోటోలో రంగుల పట్టీ, స్కేలు, ఫైలు చెడిపోయిందో లేదో తేల్చే చెక్‌సమ్, మూడు కాపీలు, ఒకటి వేరే ఊళ్లో. అట్టని ముందు వెనక పూర్తిగా తీశాం, బొమ్మ వరకే కత్తిరించలేదు. వెనకవైపు ముద్రలు, ధర రాసిన పెన్సిలు గుర్తులు, కొట్టేసిన నంబర్లే చాలాసార్లు దారి చూపించాయి.

స్తంభం పక్కన మనిషి

ఇంకా తేలనివి ఉన్నాయి. 200కి పైగా ఫోటోల్లో చోటు ఏదో పోల్చుకోలేకపోయాం. వాటిని కూడా 'గుర్తించలేదు' అనే ఆన్‌లైన్‌లో పెట్టాం. పెట్టిన కొన్ని వారాలకే చూసినవాళ్లు రాసి పంపిన ఆధారాలతో తొమ్మిది తేలాయి. దాచుకుని ఉంటే అవీ తేలేవి కావు.

నన్ను వదలని పని ఇంకొకటి ఉంది. ఎన్నో ఫోటోల్లో స్తంభం పక్కన, తోరణం కింద, విగ్రహం పాదాల దగ్గర ఒక మనిషి నిలబడి ఉంటాడు. ఎత్తు తెలియడానికి నిలబెట్టిన స్థానికుడో, తవ్వకం కూలీనో. రిజిస్టరులో ఒక్కచోట కూడా ఆ మనుషుల ప్రస్తావన లేదు, 'స్తంభం' అనే ఉంది. తడి ప్లేటు ముందు కదలకుండా కొన్ని సెకన్లు నిలబడటం చిన్న పని కాదు. ఎండలో నిలబడినవాడి తల కాస్త కదిలి, ముఖం మసకబారిన ప్లేట్లు చాలా ఉన్నాయి. ఒక ఏడు ప్లేట్లలో తలపాగా, భుజం మీద మడత పెట్టిన గుడ్డ, ఎడమకాలి మీద బరువు వేసి నిలబడే తీరు చూస్తే ఒకే మనిషి అనిపిస్తోంది. మూడు వేర్వేరు చోట్ల తీసినవి అవి. ఫోటోగ్రాఫరుతో పాటు ప్రయాణం చేసి ఉండాలి. ఆ ఏడింటినీ ఒకదానికొకటి లింకు చేసి, 'ఫోటోలోని వ్యక్తులు' అన్న గడిలో ఇలా రాశాను: పురుషుడు, ఒకరు, నిలబడి ఉన్నారు, పేరు నమోదు కాలేదు, మిగతా ఆరు ప్లేట్లలోని వ్యక్తే కావచ్చు. మిగిలిన పెట్టెల్లోనూ అతని కోసం ఇప్పుడు వెతుకుతున్నాం.